పండగ పూట రాజకీయాలు ఎందుకండీ

రెండేళ్ళ కిందటి సంక్రాంతికి మా తెలుగు సంఘం వాళ్ళు ఒక హైస్కూలు హాలు అద్దెకి తీసుకున్నారు. చెప్పులు విప్పే చోటుకి కాస్త ఇవతల, నేనూ ఇంకో ఇద్దరమూ ఒక మడతబల్ల వేసుకుని కూర్చున్నాం. బల్ల మీద ఓటరు నమోదు కాగితాలు. ఏ పార్టీవీ కావు. అమెరికా పౌరసత్వం వచ్చి పదేళ్ళు దాటినా ఓటు నమోదు చేసుకోనివాళ్ళు మనలో ఎంతమందో, ఆ హాల్లో ఎవర్ని కదిపినా తెలుస్తుంది. అరగంటలో పదకొండు మంది నింపారు. పన్నెండో ఆయన పెన్ను అందుకునేలోపు కమిటీ సభ్యుడొకాయన వచ్చి, చాలా మర్యాదగానే, "పండగ పూట రాజకీయాలు ఎందుకండీ, బల్ల తీసేయండి ప్లీజ్" అన్నారు. తీసేశాం. ఇంకో పావుగంటకి ఇండియా నుంచి వచ్చిన ఒక ఎమ్మెల్యే గారికి వేదిక మీద శాలువా కప్పారు. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. గారెలు చల్లారిపోయాయి.

సోమవారం ఈ గోడంతా మా ఆఫీసు క్యాంటీన్లో వంట చేసే ఆవిడ దగ్గర వెళ్ళబోసుకున్నాను. నా యాప్ స్పానిష్, ఆవిడ అరకొర ఇంగ్లీషు, మిగతాది చేతులు. ఆవిడది దక్షిణ మెక్సికోలో వహాకా రాష్ట్రం. ఇంగ్లీషు అక్షరాలు చూసి నేను చాలాకాలం 'ఒక్సాకా' అనేవాణ్ణి, ఆవిడే దిద్దింది. ఆవిడ అమ్మభాష జాపొటెక్. స్పానిష్ నాలాగే తనూ తర్వాత నేర్చుకున్న భాషే, కాకపోతే బళ్ళో. అంతా విని, "ఇంతకీ మీ పండక్కి వంట ఎవరు చేశారు?" అంది. కేటరింగ్ అన్నాను. "ఆఁ" అని, ఇక అందులో చెప్పడానికేం లేదన్నట్టు గరిటె పట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న నాకు అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది.

అప్పటిదాకా మెక్సికో పండగంటే నాకు తెలిసింది మే 5న మా ఆఫీసులో జరిగే తంతు. పెద్ద టోపీలు, పచ్చ ఎర్ర తోరణాలు, టాకోల బల్ల, సాయంత్రం నాలుగింటికే మార్గరీటా. 1862లో ఆ రోజున ప్యూబ్లా ఊరి దగ్గర జనరల్ ఇగ్నాసియో సరగోసా సైన్యం మూడో నెపోలియన్ పంపిన ఫ్రెంచి దండుని ఓడించింది. మెక్సికోలో ప్యూబ్లా దాటితే ఈ పండగ పెద్దగా కనిపించదు. అమెరికాలో మాత్రం 1960లు, 70లలో హక్కుల కోసం లేచిన మెక్సికన్ కుర్రకారు దీన్ని భుజాన వేసుకున్నారు. 'మమ్మల్ని చిన్నచూపు చూడకండి, మేం సామ్రాజ్యాన్ని ఓడించినవాళ్ళం' అని చెప్పడానికి అంతకంటే మంచి రోజు ఏముంది? ఆ తర్వాత 80లలో బీరు కంపెనీలు వచ్చాయి. ఇప్పుడు మా ఆఫీసులో ఆ రోజు డబల్ డ్యూటీ చేసే ఏకైక మెక్సికన్, మా క్యాంటీన్ ఆవిడ.

ఆవిడే నన్ను ఫ్రెస్నో తీసుకెళ్ళింది. వాళ్ళ చుట్టాలు అక్కడ ద్రాక్ష తోటల్లో పని చేస్తారు. కాలిఫోర్నియా నడిమి లోయలో పళ్ళూ కూరగాయలూ కోసే చేతుల్లో చాలా వహాకా నుంచి వచ్చిన మిక్స్‌టెక్, త్రికీ, జాపొటెక్ చేతులే. వాళ్ళు ఏటా ఒక పార్కులో చేసుకునే పండగ పేరు గెలగెట్సా. మేం వెళ్ళేసరికి ఎండ నూరు డిగ్రీలు దాటింది (ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో లెండి). ఇత్తడి బాకాల బ్యాండు చెమటలు కక్కుతూ వాయిస్తోంది. వేదిక మీద ఆడపిల్లలు భుజాన అనాసపళ్ళు పెట్టుకుని వరసగా ఆడుతున్నారు. ఆట అయిపోగానే ప్రతి బృందమూ తమ ప్రాంతంలో పండేవాటిని జనంలోకి విసురుతుంది. పళ్ళు, రొట్టెలు, కాఫీ పొట్లాలు, గడ్డి టోపీలు. నాకు ఒక బత్తాయి నుదుటికి తగిలింది.

చెట్ల కింద బల్లలున్నాయి. లెక్కపెట్టాను, పద్నాలుగు. మిక్స్‌టెక్‌లో మాట్లాడే దుబాసీలు దొరికే బల్ల, జీతం ఎగ్గొట్టిన మేస్త్రీ మీద ఎలా ఫిర్యాదు చేయాలో చెప్పే బల్ల, పురుగుమందు కళ్ళలో పడితే ఏం చేయాలో బొమ్మలతో చూపించే బల్ల, యూనియన్ బల్ల, ఓటరు నమోదు బల్ల. తమాలేల (మొక్కజొన్న పిండితో చేసి ఆవిరి మీద ఉడికించేవి) కొట్టు కంటే మేస్త్రీ ఫిర్యాదు బల్ల ముందే బారు ఎక్కువుంది. ఎవరూ వచ్చి పండగ పూట ఇదేంటి అనలేదు.

గెలగెట్సా అన్న జాపొటెక్ మాటకి తెలుగు వెతుక్కోనక్కర్లేదు. ఇచ్చిపుచ్చుకోవడం. పండగ పేరు కావడానికి ముందు అదొక లెక్క. ఆవిడ ఫోన్లో వాళ్ళమ్మ పుస్తకం ఫొటో చూపించింది. ఎర్ర అట్ట, మూలల్లో నూనె మరకలు. ఎడమ పక్క ఇచ్చినవి, కుడి పక్క పుచ్చుకున్నవి. టర్కీ కోడి ఒకటి, ఐదున్నర కిలోలు. కోకో గింజలు రెండు కిలోలు. మొక్కజొన్న రొట్టెలు నాలుగు వందలు. బీరు రెండు పెట్టెలు. తీరిన బాకీ మీద అడ్డగీత. కోడిని కాటా వేసి మరీ రాస్తారు, తిరిగిచ్చేటప్పుడు బరువు తగ్గకూడదు కదా. పక్కింట్లో పెళ్ళికి నువ్విచ్చిన కోడి ఇరవై ఏళ్ళ తర్వాత నీ కూతురి పెళ్ళికి నడిచొస్తుంది.

నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. మా వైపు పెళ్ళిళ్ళలో చదివింపుల బల్ల ఆయనదే. పెన్ను చెవిలో, పుస్తకం ఒళ్ళో. ఫలానా వారు వెయ్యినూటపదహార్లు అని మైకులో చదివేవాడొకడు, రాసుకునేది ఈయన. వాళ్ళింట్లో శుభకార్యం వస్తే పిన్ని బీరువాలోంచి ఆ పుస్తకం తీసి, "వీళ్ళు మనకి ఐదొందల పదహార్లే పెట్టారు, చూసుకో" అనేది. మేం పిల్లలం నవ్వుకునేవాళ్ళం. లెక్కలేంటి, ప్రేమలుండాలి గానీ అని పెద్ద కబుర్లు కూడా చెప్పేవాళ్ళం.

ఇప్పుడు ఆ నవ్వు రావట్లేదు. ఎవరికి ఎవరు ఏం బాకీయో రాసిపెట్టుకున్న ఊళ్ళో, రేపు మధ్యాహ్నానికి మూడొందల మందికి భోజనం కావాలంటే ఎవరి తలుపు తట్టాలో అందరికీ తెలుసు. పెద్ద గుండిగలు ఎవరింట్లో ఉన్నాయి, ఎవరి పొయ్యి గాలికి ఆరిపోదు, రాత్రంతా మేలుకోగలిగిందెవరు, తాగి గొడవ చేసేదెవరు. ఈ తెలివిడి ఏ పార్టీ కార్యాలయంలోనూ దొరకదు. 2006లో వహాకా నగరంలో జరిగింది చదివాక నాకు అర్థమైంది ఇదే.

అక్కడ టీచర్ల సంఘం, 22వ సెక్షన్ అంటారు, చాలా పెద్దది. దాదాపు 70,000 మంది. 1980ల నుంచి ప్రతి మే నెలలో సమ్మె చేయడం, నగరం నడిబొడ్డున సోకలో అనే పెద్ద చౌకులో టార్పాలిన్లు కట్టుకుని కూర్చోవడం వాళ్ళకి మామూలే. ఆ ఏడు మే 22న కూర్చున్నారు. ప్రధానమైన కోరిక చాలా లౌకికమైనది. వహాకాని ఖర్చులు తక్కువుండే ప్రాంతంగా లెక్కగట్టి జీతాలిస్తున్నారు, టూరిస్టుల పుణ్యమా అని అక్కడ ధరలు మాత్రం ఆకాశంలో ఉన్నాయి, మా ప్రాంతం లెక్క మార్చండి అని. జూన్ 14 తెల్లవారుజామున గవర్నరు ఉలీసెస్ రూయిస్ పోలీసుల్ని పంపాడు. టార్పాలిన్ల కింద పిల్లాజెల్లాతో నిద్రపోతున్నవాళ్ళ మీద లాఠీలు, బాష్పవాయువు. పైన హెలికాప్టర్. సంఘం నడుపుకునే చిన్న రేడియో స్టేషన్ని పగలగొట్టారు. మధ్యాహ్నానికల్లా టీచర్లు, ఇరుగుపొరుగు జనం కలిసి చౌకుని తిరిగి పట్టుకున్నారు. మూడు రోజులకి వందల సంఘాలు కలిసి ఒక ప్రజా సభ పెట్టుకున్నాయి. పొడి అక్షరాల్లో దాని పేరు ఆప్పో. గవర్నరు దిగిపోవాలన్నది ఒక్కటే మాట.

మా క్యాంటీన్ ఆవిడ వాళ్ళక్క ఆ టీచర్లలో ఒకావిడ. జూన్ 14 పొద్దున్న ఊళ్ళో వాళ్ళమ్మ చేసిన మొదటి పని, ఆ ఎర్ర పుస్తకం తీయడం. మనకి ఎవరెవరు బాకీయో చూసి, ఆ బాకీలన్నీ ఇప్పుడు రొట్టెల రూపంలో తీర్చమని కబురంపింది. సాయంత్రానికి ఒక ట్రక్కు నిండింది. "పెళ్ళికని పెట్టుకున్న కోళ్ళు, సమ్మెకి కోశారు. నా పెళ్ళికి మరి కోళ్ళు లేవు" అని ఆవిడ ఇప్పటికీ అంటుంది. నవ్వుతూనే అంటుంది గానీ, నవ్వు మాత్రమే కాదది.

జూలైలో గెలగెట్సా రావాలి. వహాకాలో అది రాష్ట్రానికి తలమానికం లాంటి పండగ. మామూలుగా జూలై చివరి రెండు సోమవారాలు, కొండ మీద పెద్ద ఆడిటోరియంలో చేస్తారు. అనాదిగా వస్తున్న ఆచారమని కరపత్రాల్లో ఉంటుంది. వేదిక మీద ప్రదర్శనగా దాని పుట్టుక మాత్రం 1932. నగర హోదా వచ్చి నాలుగు వందల ఏళ్ళయిన సందర్భంగా, ఒక్కో ప్రాంతపు 'జాతి' వచ్చి రాజధానికి కానుకలు సమర్పించుకోవాలని అధికారులు ఏర్పాటు చేసిన ఉత్సవం అది. నేను ఫ్రెస్నోలో చూసిన అనాసపళ్ళ నాట్యమైతే ఇంకా చిన్నది. 1958లో గవర్నరు అడిగితే ఒక బడిపంతులమ్మ కూర్చింది. ఈ సంగతి తెలిసినప్పుడు కాస్త నిరాశపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, టీచరమ్మ కూర్చిన నాట్యాన్ని టీచర్లే తిరిగి అడగడంలో న్యాయం ఉంది అనిపించింది.

అడిగారు. ఆడిటోరియంలో ముందు విభాగాలకి టికెట్టుంటుంది, వెనక రెండూ ఉచితం, కానీ వాటికి తెల్లారకముందే కొండ మీద బారులో నిలబడాలి. ఊళ్ళ పేదలు ఆడాలి, టికెట్టు కొన్నవాళ్ళు నీడలో కూర్చుని చూడాలి అన్న కోపం చాలాకాలంగా ఉన్నదే. 2006లో ఆందోళన ధాటికి ప్రభుత్వ గెలగెట్సా రద్దయింది. జూలై 24న టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్ మైదానంలో ఉద్యమకారులు సొంత గెలగెట్సా పెట్టారు. టికెట్టు లేదు. వేలకి వేల మంది వచ్చారు. అదే నాట్యాలు, అదే బ్యాండ్లు, అదే పళ్ళు విసరడం.

వారం తిరిగిందో లేదో, ఆగస్టు 1న, వేలాదిమంది ఆడవాళ్ళు మూకుళ్ళు, గరిటెలు వాయించుకుంటూ ఊరేగింపు తీశారు. తిన్నగా ప్రభుత్వ టీవీ, ఛానల్ 9 దగ్గరికెళ్ళి, మా మాట చెప్పుకోడానికి కాస్త సమయం ఇవ్వండి అనడిగారు. కుదరదన్నారు. అయితే మేమే చూసుకుంటాం అని స్టేషన్లోకి వెళ్ళిపోయారు. మూడు వారాలు ఆడవాళ్ళే టీవీ నడిపారు. మేకప్ లేదు, ఏప్రన్లు విప్పలేదు, కెమెరా ఎటు తిప్పాలో అక్కడికక్కడే నేర్చుకున్నారు. ఆ తర్వాత ఎవరో సాయుధులొచ్చి ప్రసార యంత్రాల్ని తుపాకులతో కాల్చేశారు. రాత్రుళ్ళు ఊరంతా వీధులకి అడ్డంగా బారికేడ్లు లేచాయి. కాపలా ఉన్నవాళ్ళకి ఇళ్ళలోంచి కాఫీ, తమాలేలు వచ్చేవి. పోలీసులొస్తున్నారని చెప్పడానికి గుళ్ళ ఉత్సవాలకి కాల్చే తారాజువ్వలే కాల్చేవారు. అక్టోబరు చివర్లో కేంద్ర పోలీసులు దిగారు. నవంబరు 2, చచ్చిపోయినవాళ్ళ పండగ రోజు, యూనివర్సిటీ రేడియోని కాపాడుకోవడానికి వీధిలో గంటల తరబడి పోరాటం. ఆ వారమంతా చనిపోయిన ఉద్యమకారుల ఫొటోలకి బంతిపూల మంటపాలు కట్టారు. నవంబరు 25 నాటి అణచివేతతో ఆ అధ్యాయం ముగిసింది. ఎంతోమంది ప్రాణాలు పోయాయి. గవర్నరు గడువు దాకా కుర్చీలోనే ఉన్నాడు. కాకపోతే ఎనభై ఏళ్ళుగా రాష్ట్రాన్ని ఏలిన అతని పార్టీ 2010లో ఆ కుర్చీ పోగొట్టుకుంది.

మా సంఘం పెద్దలు ఇది చదివితే "చూశారా, పండగలో రాజకీయం కలిపితే చివరికి తుపాకులే" అంటారని తెలుసు. వాళ్ళ మాటని కొట్టిపారేయను. నెలల తరబడి బళ్ళు మూతపడ్డాయి, పిల్లల చదువు పోయింది. హోటళ్ళలో పని చేసేవాళ్ళకి ఆ ఏడు జీతం లేదు. మా ఆవిడ బంధువుల్లోనే రెండు ఇళ్ళ మధ్య మాటలు ఆగిపోయి ఇంకా కలవలేదు. (మా ఆవిడ అంటే క్యాంటీన్ ఆవిడ. మా ఇంటావిడ ఇది చదువుతుంది.) అయితే ఆ చీలిక పండగ తెచ్చింది కాదు. టికెట్టు కొన్నవాడికీ కొండ మీద బారులో నిలబడ్డవాడికీ మధ్య అది ముందునుంచీ ఉంది. ఆ రాజకీయాన్ని రాజకీయం అని ఎవరూ పిలవలేదు, అంతే. మా వేదిక మీద శాలువాని ఎవరూ రాజకీయం అననట్టే.

ఫ్రెస్నో నుంచి ఇంకో గంటకి పైగా దక్షిణానికి పోతే డెలానో అని ఊరు. 1965 సెప్టెంబరు 8న అక్కడ ఫిలిప్పీన్స్ కూలీలు ద్రాక్ష కోతలో సమ్మె మొదలెట్టారు. మెక్సికన్ కూలీలు కలవాలా వద్దా అని తేల్చుకోవడానికి వాళ్ళ సంఘం సభ పెట్టింది ఎప్పుడో తెలుసా? సెప్టెంబరు 16, మెక్సికో స్వాతంత్ర్య దినం. చోటు, ఊళ్ళో గ్వాడలూపే మాత చర్చి హాలు. 1810లో ఇదాల్గో అనే పాదిరీ చర్చి గంట కొట్టి తిరుగుబాటుకి పిలిచిన రోజు అది. జనం ఎలాగూ మంచి బట్టలు వేసుకుని వస్తారు, పాటలు పాడతారు, గొంతు విప్పి ఉంటారు. ఆ రాత్రే సమ్మెలో కలవాలని తీర్మానించారు. మరుసటి ఏడాది మార్చిలో డెలానో నుంచి శాక్రమెంటోకి దాదాపు మూడొందల మైళ్ళు నడిచారు. ముందు గ్వాడలూపే మాత జెండా, చేరింది ఈస్టర్ ఆదివారం నాడు. పెద్ద ద్రాక్ష కంపెనీలు దిగొచ్చి ఒప్పందాలు చేసుకునేసరికి 1970 వచ్చింది.

పండగ చేసుకునే ఊరంతా మంచిదని నేను అనట్లేదు. వహాకాలో 570 మునిసిపాలిటీలుంటే 400కి పైగా ఊళ్ళు పార్టీల్లేకుండా ఊరి ఆచారం ప్రకారమే పెద్దల్ని ఎన్నుకుంటాయి. పండగ బాధ్యతలు, ఊరి పనులు మోస్తూ మెట్టుమెట్టుగా పైకొచ్చినవాళ్ళు అధికారంలోకి వస్తారు. వినడానికి ఎంత బావుంది! 2007లో సాంతా మరియా కీగొలానీ అనే ఊళ్ళో ఎవుఫ్రోసీనా క్రూస్ అనే ఆవిడ మేయరు పదవికి నిలబడితే, ఆడదని ఆమెకి పడ్డ ఓట్లని లెక్కలోంచి తీసేశారు. పండగకి వండేది ఆడవాళ్ళు, ఓటుకి మాత్రం లెక్కకి రారు. ఆవిడ ఊరుకోలేదు, రాష్ట్రం చట్టాన్నే మార్చాల్సొచ్చింది. తర్వాత అదే రాష్ట్ర శాసనసభకి అధ్యక్షత వహించింది. ఎర్ర పుస్తకాన్ని తలకెత్తుకుంటున్నప్పుడు నాకు ఈ సంగతి కూడా అడ్డం పడుతూ ఉంటుంది, పడాలి కూడా.

మెక్సికో నగరంలో చచ్చిపోయినవాళ్ళ పండక్కి ఇప్పుడొక పెద్ద ఊరేగింపు జరుగుతుంది. అది 2016లో మొదలైంది. ముందు ఏడాది వచ్చిన జేమ్స్ బాండ్ సినిమాలో అలాంటి ఊరేగింపు ఉంది, టూరిస్టులు అడుగుతారేమో అని ప్రభుత్వమే పెట్టింది. పండగ ఎవరిదో మర్చిపోతే ఏమవుతుందో చూడటానికి మనం మెక్సికో దాకా పోనక్కర్లేదు. గుంటూరు వైపు మనిషిని, నేనంటే బాగోదేమో గానీ, తెలంగాణ ఉద్యమంలో బతుకమ్మలు రోడ్డెక్కిన రోజులు నాకు గుర్తున్నాయి. 2014లో అది రాష్ట్ర పండగైంది. 2017లో సర్కారు చీరలు పంచితే, నాసిరకం అని కొన్నిచోట్ల ఆడవాళ్ళు వాటినే తగలబెట్టారు. పోతే, ఆ బతుకమ్మలో తంగేడు మనదే గానీ, బంతి మెక్సికోది. అక్కడి నవాట్ల్ భాషలో దాని పేరుకి 'ఇరవై పూలు' అని అర్థమట.

ఫ్రెస్నో వెళ్ళడానికి కొన్నాళ్ళ ముందు మా అమ్మాయి పుట్టినరోజుకి క్యాంటీన్ ఆవిడ ఒక మట్టికుండ నిండా నల్లటి మోలె (మిరపకాయలతో చేసే చిక్కటి పులుసు), అరవై తమాలేలు తెచ్చిచ్చింది. డబ్బులు తీసుకోమంటే కోపం వచ్చింది. ఇంటికెళ్ళి ఒక నోటుపుస్తకం మొదలెట్టాను, కుడి పక్కన రాసుకున్నాను. ఈసారి సంక్రాంతికి హాల్లో బల్ల వేయనిస్తారో లేదో తెలీదు. కమిటీ మీటింగులో కేటరింగ్ వద్దు, మనమే వండుదాం అని అన్నాను. పదిహేను మందిలో ఇద్దరు చేతులెత్తారు. ఒకాయన నా వైపు జాలిగా చూశారు.

ఫ్రెస్నో పండగ ముందు రోజు రాత్రి మాత్రం నాకు పని పడింది. సున్నపు నీళ్ళలో ఉడికించిన మొక్కజొన్న, రెండు పెద్ద పీపాలు. గింజల మీద పొట్టు జారిపోయేదాకా చేతులతో రుద్ది కడగాలి. నీళ్ళు పచ్చగా, జిగటగా వస్తాయి. నాలుగు నీళ్ళయ్యేసరికి వేళ్ళు ముడతలు పడి మొద్దుబారిపోయాయి. తెల్లవారి మూడింటికి నడుం పట్టుకుని కూర్చుంటే ఆవిడ వచ్చి గింజ ఒకటి తీసి నలిపి చూసింది.

"ఇంకో నీళ్ళు" అంది. "తమాలేలు అరవై తిన్నారు మీరు."